మెరిడా ఇనీషియేటివ్: అమెరికా డాలర్లు, మెక్సికో పోలీసులు, తిరిగి రాని 43 మంది

మాదకద్రవ్యాల ముఠాలను అణచడానికి అమెరికా మెక్సికోకు ఇచ్చిన భద్రతా సాయం పేరే మెరిడా ఇనీషియేటివ్. 2007 మార్చిలో యుకతాన్ రాష్ట్రంలోని మెరిడా పట్టణంలో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్, మెక్సికో అధ్యక్షుడు ఫెలిపె కాల్డెరాన్ కలిశారు. ఆ ఊరి పేరే పథకానికి పెట్టారు. అదే ఏడాది అక్టోబరులో ప్రకటన వచ్చింది, 2008 జూన్‌లో మొదటి డబ్బు మంజూరైంది. మూడేళ్లకు 140 కోట్ల డాలర్లు అనుకున్న పథకం 2021 దాకా సాగింది. మొత్తం కేటాయింపులు 350 కోట్ల డాలర్లకు దగ్గరగా వెళ్లాయి.

ఇందులో పోలీసు సంస్కరణ ఉంది, కోర్టుల సంస్కరణ ఉంది, మానవ హక్కుల షరతులు కూడా ఉన్నాయి. కాగితం మీద చూస్తే లోటు కనిపించదు. అయితే పథకం మొదలవడానికి ముందు ఏడాది, అంటే 2007లో, మెక్సికోలో జరిగిన హత్యలు దాదాపు 9 వేలు. 2011కి అవి 27 వేలు దాటాయి. 2018లో 36 వేలు దాటాయి. ఇంత సాయం వచ్చిన దేశంలో ఇలా ఎందుకైందో తెలియాలంటే ముందు అక్కడి ఠాణాల సంగతి తెలియాలి.

మామూళ్ల లెక్క

మెక్సికోలో ఒకే పార్టీ 71 ఏళ్ల పాటు, 2000 సంవత్సరం వరకు, అధికారంలో ఉంది. ఆ కాలంలో స్మగ్లింగ్ ఆగలేదు, కాకపోతే దానికో పద్ధతి ఉండేది. ప్రతి ఇలాకాకూ 'ప్లాజా' అని పేరు. ప్లాజాలో సరుకు నడవాలంటే పైనుంచి కిందిదాకా మామూళ్లు ముట్టాలి. ముట్టజెప్పినవాడి లారీ పోతుంది, మిగతావాడి లారీ పట్టుబడుతుంది, పేపర్లో ఫొటో పడుతుంది. పోలీసు అక్కడ నేరాన్ని ఆపేవాడు కాదు, నేరానికి లైసెన్సు రాసేవాడు.

అధికారం చేతులు మారాక ఈ ఏర్పాటు చెదిరింది. ఎవరికి కట్టాలో, ఎవరి మాట చెల్లుతుందో తేలక ముఠాలు సొంత సైన్యాలు పెట్టుకున్నాయి. గల్ఫ్ కార్టెల్ అయితే ఏకంగా మెక్సికో సైన్యంలోని ప్రత్యేక దళం నుంచి పారిపోయిన జవాన్లనే జీతానికి పెట్టుకుంది. 1990ల చివరలో అలా పుట్టిందే 'లాస్ జెటాస్'. సర్కారు ఖర్చుతో యుద్ధ శిక్షణ పొందినవాళ్లు ఆ శిక్షణను ముఠాకు అమ్ముకున్నారు. 2010లో వాళ్లు సొంత యజమాని మీదే తిరగబడి వేరు కుంపటి పెట్టారు. ఆయుధం, శిక్షణ ఇచ్చేస్తే భద్రత అదే వస్తుందని నమ్మేవారు ఈ ఒక్క ఉదాహరణ దగ్గర కాసేపు ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు.

కాల్డెరాన్ 2006 డిసెంబరు 1న గద్దెనెక్కారు. గెలిచింది అర శాతం పైచిలుకు తేడాతో. ఓడినవారు ఫలితాన్నే ఒప్పుకోలేదు, వీధుల్లో ధర్నాలు నడుస్తున్నాయి. పది రోజులకే ఆయన సొంత రాష్ట్రం మిచోవకాన్‌కు సుమారు 6,500 మంది బలగాలను పంపారు. స్థానిక పోలీసులు ముఠాలకు అమ్ముడుపోయారు, కాబట్టి వాళ్లను బాగుచేసే వరకు సైన్యమే కాపలా కాస్తుందని అప్పుడు చెప్పిన మాట. ఆ 'వరకు' ఇప్పటికీ పూర్తి కాలేదు.

డబ్బు ఎటు పోయింది

'అమెరికా మెక్సికోకు ఇన్ని కోట్లు ఇచ్చింది' అని చదివినప్పుడు, ఆ డబ్బు మెక్సికో ఖజానాలో జమ అయిందని చాలామంది అనుకుంటారు. అలా జరగలేదు. నగదు ఇవ్వలేదు. అమెరికా ప్రభుత్వమే కంపెనీలతో, కాంట్రాక్టర్లతో ఒప్పందాలు చేసుకుని వస్తువులు, శిక్షణ పంపింది. సైన్యానికి బెల్ 412 హెలికాప్టర్లు, ఫెడరల్ పోలీసులకు, నౌకాదళానికి బ్లాక్ హాక్ హెలికాప్టర్లు, సరిహద్దుల్లో వాహనాలను తనిఖీ చేసే ఎక్స్‌రే యంత్రాలు, నిఘా పరికరాలు. మొదటి ఏళ్లలో డబ్బులో పెద్ద భాగం ఇలాంటి వాటికే పోయింది. అంటే సాయం పద్దు మెక్సికో పేరు మీద ఉన్నా, బిల్లులు ఎక్కువగా అమెరికన్ కంపెనీల పేరు మీద తయారయ్యాయి. విదేశీ సైనిక సాయం చాలా దేశాలకు ఇలాగే అందుతుంది.

పైగా అందడంలో ఆలస్యం. అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు చూసే ఆడిట్ సంస్థ 2010లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆ ఏడాది మార్చి చివరికి మంజూరైన మొత్తంలో నిజంగా ఖర్చయింది 9 శాతమే. మెక్సికో తన సొంత బడ్జెట్‌లో భద్రతకు పెట్టుకునే ఖర్చుతో పోలిస్తే మొత్తం సాయం కూడా చిన్న భాగమే. అయినా దానికి పలుకుబడి పెద్దది. అమెరికా మా వెనక ఉంది అన్న మాట కాల్డెరాన్ సర్కారుకు డాలర్ల కంటే ఎక్కువ పనికొచ్చింది.

2011 నుంచి దిశ కొంత మార్చారు. హెలికాప్టర్లు తగ్గించి ప్రాసిక్యూటర్లు, జడ్జీలు, జైళ్లు, పోలీసు అకాడమీల మీద ఎక్కువ పెట్టారు. 2008లో మెక్సికో రాజ్యాంగాన్ని సవరించి, కాగితాల మీద నడిచే పాత విచారణల బదులు బహిరంగ కోర్టులో వాదనలు జరిగే పద్ధతి తేవాలని నిర్ణయించింది. 2016 జూన్ దాకా గడువు. ఈ మార్పుకు మెరిడా డబ్బు సాయపడింది. ఈ పథకంలో మంచి ఏదైనా జరిగిందంటే దీన్నే ముందు చెప్పుకోవాలి. అయితే అదే 2008 సవరణలో ఇంకోటి కూడా దూర్చారు. వ్యవస్థీకృత నేరం అనే అనుమానం చాలు, అభియోగం లేకుండానే మనిషిని 80 రోజుల దాకా నిర్బంధించవచ్చు. దాన్ని 'అర్రాయిగో' అంటారు. ఒక చేత్తో న్యాయ విచారణ ఇచ్చి, రెండో చేత్తో విచారణే లేని నిర్బంధాన్ని రాజ్యాంగంలోకి ఎక్కించారు.

షరతులు ఎలా పని చేశాయి

అమెరికాలో 1997 నుంచి 'లేహీ చట్టం' ఉంది. సెనేటర్ పాట్రిక్ లేహీ తెచ్చింది. ఏ విదేశీ దళమైనా చిత్రహింసలు, చట్టవిరుద్ధ హత్యలు, మాయం చేయడం వంటి ఘోరాలకు పాల్పడిందని నమ్మదగిన సమాచారం ఉంటే ఆ దళానికి అమెరికా సాయం ఆపాలి. ఇది దేశానికి కాదు, దళానికి వర్తిస్తుంది. ఒక బెటాలియన్‌ను పక్కన పెట్టి పక్క బెటాలియన్‌కు శిక్షణ ఇవ్వవచ్చు.

మెరిడాకు దీనికి తోడు ప్రత్యేక షరతులు పెట్టారు. సైన్యానికి, పోలీసులకు వెళ్లే కొన్ని నిధుల్లో 15 శాతం ఆపి ఉంచాలి. ఫెడరల్ పోలీసుల్లో జవాబుదారీతనం పెంచడం, హక్కుల సంఘాలతో క్రమం తప్పకుండా మాట్లాడడం, జులుం చేసిన పోలీసుల మీద, సైనికుల మీద పౌర ప్రాసిక్యూటర్లు దర్యాప్తు చేయడం, కొట్టి రాబట్టిన వాంగ్మూలాలను కోర్టులో వాడకపోవడం - ఈ నాలుగూ జరుగుతున్నాయని అమెరికా విదేశాంగ శాఖ నివేదిక ఇచ్చాకే ఆ 15 శాతం వదలాలి. మిగతా 85 శాతానికి ఈ షరతు లేదు. వ్యాపారంలో ఎవరైనా సరుకు సరిగ్గా రాకపోతే 15 శాతమే ఆపుతానని ముందే చెప్పి కూర్చుంటే అవతలివాడు ఎంత భయపడతాడో, ఇక్కడా అంతే భయపడ్డారు.

ఏళ్ల తరబడి విదేశాంగ శాఖ 'పురోగతి ఉంది' అని రాస్తూ డబ్బు వదిలింది. షరతులు నెరవేరాయని రాయలేమని చెప్పింది 2015లో. అప్పుడు కూడా మెక్సికోకు తగ్గింది 50 లక్షల డాలర్లు. ఆ సొమ్ము పెరూకు మళ్లించారు.

అలాగని షరతులు పూర్తిగా వృథా అనలేం. సైనికులు పౌరులపై చేసిన నేరాలను సైనిక కోర్టులే విచారించడం మెక్సికోలో పాత దురాచారం. 1974లో గెరెరో రాష్ట్రంలో సైన్యం పట్టుకెళ్లిన రోసెందో రదీయా కేసులో ఇంటర్ అమెరికన్ మానవ హక్కుల కోర్టు 2009 నవంబరులో మెక్సికోను తప్పుబట్టింది. ఇలాంటి నేరాలు పౌర కోర్టులకే వెళ్లాలని చెప్పింది. కుటుంబాల పోరాటం, ఆ తీర్పు, దానికి తోడు అమెరికా షరతు కలిసి 2014లో సైనిక న్యాయ చట్టం మారింది. మార్పు వచ్చింది బాధితుల పట్టుదల వల్ల, షరతు దానికి ఒక చేయి వేసింది.

ఎదురుకాల్పులు అనే మాట

మన దగ్గర 'ఎన్‌కౌంటర్' అనే మాటకు ఏ అర్థం వచ్చిందో, మెక్సికోలో 'ఎన్‌ఫ్రెంటమియెంతో' అనే మాటకూ అదే అర్థం వచ్చింది. 2014 జూన్ 30న త్లాత్లాయా అనే చోట ఒక గోదాములో 22 మంది చనిపోయారు. ఎదురుకాల్పులు జరిగాయని సైన్యం చెప్పింది, రాష్ట్ర ప్రభుత్వం మెచ్చుకుంది. తర్వాత ఒక మహిళ నోరు విప్పడంతో, లొంగిపోయినవారిని వరసగా కాల్చారని బయటపడింది. మరుసటి ఏడాది మే 22న మిచోవకాన్‌లోని తన్వాతోలో ఫెడరల్ పోలీసుల ఆపరేషన్‌లో 42 మంది పౌరులు, ఒక పోలీసు చనిపోయారు. బ్లాక్ హాక్ హెలికాప్టర్ నుంచి దాదాపు 4 వేల రౌండ్లు కాల్చారు. కనీసం 22 మందిని అన్యాయంగా చంపారని మెక్సికో జాతీయ మానవ హక్కుల కమిషన్ 2016లో తేల్చింది.

ఇంకో మాట 'లెవంతోన్'. అంటే ఎత్తుకెళ్లడం. ముఠావాళ్లు ఎత్తుకెళ్లినా, పోలీసులు ఎత్తుకెళ్లినా ఒకటే మాట. ఎవరు ఎత్తుకెళ్లారో ఇంటివాళ్లకు తెలిసే దారి చాలాసార్లు ఉండదు, ఎందుకంటే ఇద్దరి యూనిఫాం ఒకటే అయిన సందర్భాలు కోకొల్లలు.

ఇగ్వాలా, 2014 సెప్టెంబరు 26

గెరెరోలోని అయోత్సినాపా గ్రామంలో పేద రైతుల పిల్లలకు టీచర్ ట్రైనింగ్ ఇచ్చే కాలేజీ ఉంది. 1968 అక్టోబరు 2న మెక్సికో సిటీలో సైన్యం విద్యార్థులను కాల్చిచంపిన రోజును ఏటా ఊరేగింపుతో గుర్తుచేసుకుంటారు. దానికి వెళ్లడానికి ఈ కాలేజీ విద్యార్థులు అలవాటు ప్రకారం ఇగ్వాలా పట్టణంలో బస్సులు పట్టుకున్నారు. ఆ రాత్రి మున్సిపల్ పోలీసులు బస్సులను చుట్టుముట్టి కాల్పులు జరిపారు. ముగ్గురు విద్యార్థులు సహా ఆరుగురు చనిపోయారు. 43 మందిని పోలీసు వాహనాల్లో ఎక్కించుకుని పోయి 'గెరెరోస్ ఉనీదోస్' అనే ముఠాకు అప్పగించారు.

ఈ ముఠా ఎక్కడి నుంచి వచ్చింది? బెల్ట్రాన్ లేవా కార్టెల్ నాయకుణ్ని 2009 డిసెంబరులో నౌకాదళం చంపింది. పెద్ద విజయమని రెండు దేశాల్లోనూ చెప్పుకున్నారు. తల పోయిన కార్టెల్ ముక్కలైంది. ఆ ముక్కల్లో ఒకటి గెరెరోస్ ఉనీదోస్. పెద్ద ముఠాకు పెద్ద అధికారులు కావాలి, చిన్న ముఠాకు ఒక మేయరు, ఒక మున్సిపల్ పోలీసు స్టేషన్ చాలు.

2015 జనవరిలో అటార్నీ జనరల్ హెసూస్ మురీయో కరం టీవీ ముందుకు వచ్చి, విద్యార్థులను కొకూలా చెత్తకుప్పలో కాల్చి బూడిద చేశారని, ఇదే 'చారిత్రక సత్యం' అని ప్రకటించారు. కేసు మూసేయాలన్న తొందర అందరికీ కనిపించింది. ఇంటర్ అమెరికన్ కమిషన్ పంపిన ఐదుగురు నిపుణులు సెప్టెంబరులో నివేదిక ఇచ్చి, అంతమందిని అక్కడ కాల్చడం అసాధ్యమని చెప్పారు. విద్యార్థులు పట్టుకున్న బస్సుల్లో ఒకదానిలో వాళ్లకు తెలియకుండా హెరాయిన్ ఉండి ఉండవచ్చన్న కోణాన్ని కూడా వాళ్లే ముందుకు తెచ్చారు. మరి 'ఒప్పుకున్న' నిందితుల సంగతి? కనీసం 34 మందిని చిత్రహింసలు పెట్టారని నమ్మడానికి గట్టి ఆధారాలున్నాయని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2018లో చెప్పింది. దీని ఫలితం దారుణం: కొట్టి రాబట్టిన వాంగ్మూలాలు కోర్టులో చెల్లలేదు, నిజంగా పాత్ర ఉన్నవాళ్లు కూడా విడుదలయ్యారు. చిత్రహింస బాధితుడికే కాదు, చనిపోయినవాడి కుటుంబానికి కూడా ఇన్సాఫ్ దూరం చేస్తుంది.

2022 ఆగస్టులో ప్రభుత్వ సత్య కమిషన్ దీన్ని 'రాజ్యం చేసిన నేరం' అని పేర్కొంది. మురీయో కరంను అరెస్టు చేశారు. ఇగ్వాలాలోని 27వ పదాతి బెటాలియన్‌కు ఆ రాత్రి జరిగేది ఎప్పటికప్పుడు తెలుసని నిపుణులు చూపించారు. సైన్యం పత్రాలు ఇవ్వడం లేదని చెప్పి 2023 జులైలో వాళ్లు దేశం వదిలి వెళ్లిపోయారు.

ఇగ్వాలా పోలీసుల చేతుల్లో ఉన్న తుపాకుల కథ కూడా చెప్పాలి. కొన్ని జీ36 రైఫిళ్లు జర్మనీ కంపెనీ హెక్లర్ అండ్ కాక్ తయారుచేసినవి. గెరెరోతో సహా నాలుగు రాష్ట్రాలకు ఆ తుపాకులు పోకూడదన్నది జర్మనీ ఎగుమతి నియమం. అయినా పోయాయి. 2019 ఫిబ్రవరిలో స్టుట్‌గార్ట్ కోర్టు కంపెనీకి 37 లక్షల యూరోలు కట్టాలని ఆదేశించింది. కాగితం మీద తుపాకీ ఒక రాష్ట్రానికి, చేతిలో మరో రాష్ట్రంలో.

అమెరికా నుంచి దొంగదారిన వచ్చే తుపాకుల ముందు ఇదీ చిన్నదే. మెక్సికోలో పట్టుబడి, ఆరా తీయడానికి పంపిన ఆయుధాల్లో దాదాపు 70 శాతం అమెరికా నుంచి వచ్చినవని తేలుతూ వచ్చింది. మెక్సికో 2021లో అమెరికన్ తుపాకీ కంపెనీల మీద దావా వేసింది. 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. పోలీసుకు హెలికాప్టర్ పంపిన దేశం నుంచే ముఠాకు రైఫిల్ కూడా వస్తోంది.

నమ్మిన మనిషి

మెరిడా కాలంలో పోలీసు సంస్కరణకు ముఖచిత్రం హెనారో గార్సియా లూనా. 2006 నుంచి 2012 దాకా ప్రజా భద్రత మంత్రి. ఆయన హయాంలో ఫెడరల్ పోలీసుల సంఖ్య 6 వేల పైచిలుకు నుంచి దాదాపు 37 వేలకు పెరిగింది. డిగ్రీ చదివినవాళ్లను తీసుకున్నారు, పాలిగ్రాఫ్ పరీక్షలు పెట్టారు, సాన్ లూయిస్ పొటోసి అకాడమీలో విదేశీ శిక్షకులు పాఠాలు చెప్పారు. వాషింగ్టన్‌లో ఆయనకు గొప్ప పేరు.

2019 డిసెంబరులో ఆయన్ను టెక్సాస్‌లో అరెస్టు చేశారు. సినలోవా కార్టెల్ నుంచి లంచాలు తీసుకున్నారన్న కేసులో 2023 ఫిబ్రవరిలో బ్రూక్లిన్ కోర్టులో జ్యూరీ దోషిగా తేల్చింది. 2024 అక్టోబరులో 38 ఏళ్లకు పైగా శిక్ష పడింది. కానిస్టేబుళ్లకు నిజాయితీ పరీక్షలు పెట్టిన మంత్రే అమ్ముడుపోయి ఉన్నాడు.

అంతకంటే బాధ కలిగించేది కొవాయిలా రాష్ట్రంలోని అయెందె సంగతి. టెక్సాస్ సరిహద్దుకు దగ్గరలో ఉన్న చిన్న ఊరు. 2011లో అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థకు జెటాస్ నాయకుల ఫోన్ల గుర్తింపు నంబర్లు దొరికాయి. వాటిని మెక్సికో ఫెడరల్ పోలీసుల్లో తామే వడపోసి, శిక్షణ ఇచ్చిన ప్రత్యేక విభాగానికి అందించారు. అక్కడి నుంచి సమాచారం నేరుగా జెటాస్‌కు చేరింది. మార్చి 18న ముష్కరులు ఊళ్లోకి దిగి, ద్రోహం చేశారని అనుమానించినవారి ఇంటిపేరు ఉన్నవాళ్లందరినీ, పనివాళ్లతో సహా ఎత్తుకెళ్లారు. ఇళ్లు దోచుకుని కూలగొట్టారు. స్థానిక పోలీసులు ఫోన్లు ఎత్తలేదు, పైగా కొందరు మనుషులను పట్టి అప్పగించారు. డజన్ల మంది చనిపోయారు, బాధితుల సంఘాల లెక్క 300 దాకా పోతుంది. ఆ ప్రత్యేక విభాగానికి నాయకత్వం వహించిన ఇవాన్ రేయెస్ అర్సాతే తర్వాత అమెరికా కోర్టుల్లో శిక్ష అనుభవించాడు.

పేర్లు మారాయి

2019లో అధ్యక్షుడు లోపెస్ ఓబ్రడార్ ఫెడరల్ పోలీసును రద్దు చేసి నేషనల్ గార్డ్ పెట్టారు. పౌర దళం అన్నారు, నిండా సైనికులే. దాన్ని సైన్యం కిందికి పూర్తిగా ఇచ్చిన చట్టాన్ని 2023లో సుప్రీంకోర్టు కొట్టేస్తే, 2024 సెప్టెంబరులో రాజ్యాంగాన్నే సవరించారు. మధ్యలో 2020 అక్టోబరులో అమెరికా మాజీ రక్షణ మంత్రి జనరల్ సియెన్‌ఫ్వేగోస్‌ను లాస్ ఏంజెలెస్‌లో అరెస్టు చేసింది. మెక్సికో గట్టిగా పట్టుబట్టడంతో మరుసటి నెలలోనే కేసు వెనక్కి తీసుకుని పంపేసింది. మెక్సికోలో ఆయనపై అభియోగం కూడా మోపలేదు. 2021 అక్టోబరులో మెరిడా పోయి 'బైసెంటెనియల్ ఫ్రేమ్‌వర్క్' వచ్చింది. 2025 ఫిబ్రవరిలో అమెరికా ఆరు మెక్సికన్ ముఠాలను ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది.

2022 మేలో ఆచూకీ లేనివారి అధికారిక జాబితా లక్ష దాటింది. వెతికే పని ఎక్కువగా తల్లులే చేస్తున్నారు. ఇనుప కడ్డీని నేలలోకి దింపి, బయటికి తీసి వాసన చూస్తారు. 2016లో వెరాక్రూస్‌లో ఇలాంటి తల్లులకే ఎవరో చేతితో గీసిన పటం ఇచ్చిపోయారు. దాన్ని పట్టుకుని తవ్వితే 250కి పైగా పుర్రెలు బయటపడ్డాయి.

మనిషి మాయమైతే ఇంటికి ఇంకో చిక్కు. చనిపోయాడని కాగితం ఉండదు, బతికున్నాడని సంతకం పెట్టడానికి మనిషి ఉండడు. బ్యాంకు ఖాతా, ఇంటి అప్పు, పిల్లల బడి అన్నీ ఆగుతాయి. భర్త ఆచూకీ నాలుగేళ్లు తెలియకపోతే ముస్లిం స్త్రీ వివాహ రద్దు కోరవచ్చని 1939 చట్టం మన దేశంలో చెబుతుంది కాబట్టి ఈ కష్టం మన కుటుంబాలకు కొత్త కాదు. మెక్సికో 2018లో చట్టం తెచ్చి, చనిపోయినట్టు ప్రకటించకుండానే కుటుంబం ఆస్తులు చూసుకునే వీలు కల్పించింది. చాలామంది తల్లులు 'మృతి' అని రాసి ఉన్న కాగితం మీద సంతకం చేయనన్నారు. చట్టం ఆ మాటను గౌరవించింది.

43 మందిలో ఇప్పటిదాకా గుర్తించింది ముగ్గురి అవశేషాలనే. అయోత్సినాపా కాలేజీ ఆవరణలో 43 కుర్చీలు, ఒక్కోదాని మీద ఒక్కో ఫొటో పెట్టి ఉంచారు. ప్రతి నెలా 26వ తేదీన తల్లిదండ్రులు మెక్సికో సిటీకి వచ్చి ఊరేగింపు తీస్తారు. సైన్యం దగ్గరున్న మిగతా కాగితాలు ఇవ్వాలన్నది వాళ్ల డిమాండు.